డీబీఏ పని చేయడం, ఆ పనిని నలుగురికీ పంచడం: అడుగడుగునా ఒక సమగ్ర మార్గదర్శి

నా టేబుల్ సొరుగులో పదకొండు లాంగ్ నోటుబుక్కులు ఉన్నాయి. ప్రతి పేజీ పైన తేదీ, టైము ఉంటాయి. కింద ఏ అలర్ట్ వచ్చింది, ముందు ఏం చూశాను, ఏమనుకున్నాను, చివరికి అసలు కారణం ఏమని తేలింది అన్నది రాసి ఉంటుంది. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో డీబీఏగా (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, కంపెనీ డేటాబేస్‌లు చూసుకునే మనిషి) చేస్తున్నాను. మొదటి నాలుగేళ్లు ఒరాకిల్ డేటాబేస్, ఆ తర్వాత అంతా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఈ ఉద్యోగంలో నాకు నిజంగా పనికొచ్చినవన్నీ ఆ పుస్తకాల్లో ఒక పేజీగానే మొదలయ్యాయి. మా టీమ్ రన్‌బుక్కులు (ఏ సమస్యకి ఏం చేయాలో వరసగా రాసినవి) వాటిలోంచే వచ్చాయి. మీటప్‌లో నేనిచ్చిన మొదటి టాక్, పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌కి పంపిన మొదటి సవరణ కూడా అందులోవే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ల కోసం, రెండు మూడేళ్లు టికెట్లు మూసీ మూసీ విసిగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పోస్ట్‌గ్రెస్‌వి. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ చేసేవాళ్లకి కమాండ్లు మారతాయి కానీ పని వరస ఇదే.

1. మొదటి వారం: ఏముందో, ఎవరిదో రాసుకోండి

కొత్త ఉద్యోగంలో చేరగానే ట్యూనింగ్ జోలికి వెళ్లొద్దు. ముందు ఒక జాబితా తయారుచేయండి. ఏ సర్వర్‌లో ఏ డేటాబేస్ ఉంది, వెర్షన్ ఏంటి, సైజు ఎంత, ఏ అప్లికేషన్ దాన్ని వాడుతోంది, అది ఆగితే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. చివరి కాలమే నింపడం కష్టం. చాలా కంపెనీల్లో ఏ టీమ్‌దో తెలియని డేటాబేస్ ఒకటో రెండో ఉంటాయి. ఏదో ఒక రోజు డిస్క్ నిండేది వాటిలోనే.

వెర్షన్ కాలమ్ పక్కన ఇంకో తేదీ రాయండి: ఆ వెర్షన్‌కి సపోర్ట్ ఎప్పుడు ముగుస్తుందో. పోస్ట్‌గ్రెస్‌లో ఏడాదికో పెద్ద వెర్షన్ వస్తుంది, మామూలుగా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో. ఒక్కోదానికి అయిదేళ్ల సపోర్ట్. చిన్న అప్‌డేట్లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో వస్తాయి. ఈ నాలుగు నెలలూ క్యాలెండర్‌లో పెట్టుకుంటే, ప్యాచింగ్ గురించి మేనేజర్‌ని ఏడాదికి నాలుగుసార్లు ముందుగానే అడగగలరు.

తర్వాత ప్రతి అప్లికేషన్ యజమానినీ రెండు ప్రశ్నలు అడగండి. "ఎన్ని నిమిషాల డేటా పోతే తట్టుకోగలరు? ఎంతసేపు ఆగిపోతే తట్టుకోగలరు?" అందరూ మొదట "అస్సలు పోకూడదు, అస్సలు ఆగకూడదు" అంటారు. దానికి ఎంత ఖర్చవుతుందో చెప్పాక అసలు అంకె బయటికొస్తుంది. ఆ అంకెను మెయిల్‌లో రాయించుకోండి. మీ బ్యాకప్ ఏర్పాట్లన్నీ దాని మీదే నిలబడాలి.

2. రీస్టోర్ చేసి చూడండి, గడియారం పెట్టుకుని

"బ్యాకప్ సక్సెస్" అని పొద్దున్నే మెయిల్ వస్తే చాలామంది నిశ్చింతగా ఉంటారు. 2017 జనవరి 31 రాత్రి, కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో జరిగింది తెలిసినవాళ్లు అలా ఉండలేరు. ప్రైమరీకి (అసలు డేటాబేస్), సెకండరీకి (దాని నకలు) మధ్య రెప్లికేషన్, అంటే మార్పులు నకలుకి చేరే పని, తెగిపోయింది. సెకండరీలో డేటా డైరెక్టరీ ఖాళీ చేద్దామనుకున్న ఇంజినీరు, ఆ డిలీట్ కమాండ్‌ని ప్రైమరీ మీద నడిపారు. గమనించి ఆపేసరికే దాదాపు 300 జీబీ పోయింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. రోజూ పీజీ_డంప్‌తో డేటా మొత్తం ఫైలుగా తీసి క్లౌడ్‌లో పెడుతున్నామని వాళ్ల నమ్మకం. తెరిచి చూస్తే అక్కడ ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ తీస్తున్న ప్రోగ్రామ్ 9.2 వెర్షన్. అందుకని డంప్ ప్రతిసారీ ఫెయిలైంది. ఫెయిలైందని చెప్పాల్సిన మెయిళ్లను మెయిల్ సర్వరు తిరస్కరించింది. అదే ఇంజినీరు వేరే పని కోసం దాదాపు ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డిస్క్ నకలు) ఒకటి ఉండబట్టి, ఆ ఆరు గంటల డేటా పోయి మిగతాది బతికింది. వాళ్లు ఏదీ దాచలేదు. రీస్టోర్ జరుగుతున్నంతసేపూ లైవ్‌లో చూపించారు, తర్వాత కారణాలన్నీ పూసగుచ్చినట్టు రాశారు. ఆ రాత్రి గురించి చదివాక ఎంతమంది డీబీఏలు తమ బ్యాకప్ ఫోల్డర్ తెరిచి చూసుకుని ఉంటారో! నేనూ చూసుకున్నాను.

నెలకోసారి ఇలా చేయండి. ఒక ఖాళీ మెషీన్ తీసుకోండి. రీస్టోర్ చేసే పని టీమ్‌లో ఎప్పుడూ చేయనివాళ్లకి ఇవ్వండి. చేతిలో రాసిన స్టెప్పులు మాత్రమే ఉండాలి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకూడదు. మొదలుపెట్టిన టైము, అయిపోయిన టైము రాయండి. డేటాబేస్ లేవగానే పని అయిపోయినట్టు కాదు. మూడు పెద్ద టేబుల్స్‌లో వరుసలు లెక్కపెట్టండి, అతి తాజా లావాదేవీ టైము చూడండి, డేటా చెడిపోలేదని చూసే పీజీ_ఏఎమ్‌చెక్ నడపండి, అప్లికేషన్‌వాళ్లని పిలిచి ఒక స్క్రీన్ తెరిచి చూడమనండి. మొదటి అడుగులో రాయించుకున్న అంకె రెండు గంటలై, రీస్టోర్‌కి ఏడు గంటలు పట్టిందనుకోండి, మీకు ఆ క్వార్టర్‌లో చేయాల్సిన పని దొరికినట్టే.

పాత లావాదేవీల లాగ్ ఫైళ్లు (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునీ వరసగా రాసేవి) కూడా భద్రంగా ఉంటేనే "మధ్యాహ్నం 3.12కి ఉన్న స్థితికి వెనక్కి తీసుకెళ్లు" అన్న పని చేయగలం. రోజుకో డంప్ మాత్రమే ఉంటే, సాయంత్రం ఎవరో తప్పుడు అప్‌డేట్ నడిపితే పొద్దుటి నుంచి చేసిన పనంతా పోతుంది. దీనికి పీజీబ్యాక్‌రెస్ట్, బార్మన్ లాంటి పనిముట్లు ఉన్నాయి. సొంత స్క్రిప్టులు రాసుకోవడం కంటే వాటిని నేర్చుకోవడం మంచిది.

క్లౌడ్‌లో ఉన్నాం కదా, అదంతా వాళ్లే చూసుకుంటారు అనే మాట తరచూ వింటాను. అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌ని గరిష్ఠంగా 35 రోజులే ఉంచుకోగలం. ఆడిట్‌వాళ్లు ఏడాది కిందటి డేటా అడిగితే అది మీరు వేరేగా దాచి ఉండాల్సిందే. రీస్టోర్ డ్రిల్లు అక్కడా తప్పదు.

3. రాత్రిపూట లేపే మూడింటిని ముందే తెలుసుకోండి

నా నోటుబుక్కుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చినవి మూడు: నిండిపోయే డిస్క్, లాకుల వరస (ఒకరి పని అయ్యేదాకా మిగతావాళ్లు ఆగడం), వెనకబడిన వ్యాక్యూమ్ (పనికిరాని పాత వరుసల్ని ఊడ్చడం).

డిస్క్ గురించి ఒక రాత్రి చెబుతాను. రెండు ఇరవైకి ఫోన్ మోగింది. లావాదేవీల లాగ్ ఉండే డిస్క్ 93 శాతానికి చేరింది, నిమిషనిమిషానికీ పెరుగుతోంది. నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు అప్పటికే లాగిన్ అయ్యాడు.

"అన్నా, పీజీ_వాల్ ఫోల్డర్‌లో పాత ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయి. కొన్ని తీసేయనా?"

"ఒక్కటి కూడా ముట్టుకోకు తమ్ముడూ. లైన్‌లోనే ఉండు."

ఆ ఫోల్డర్‌లో ఉండేవి లావాదేవీల లాగ్ ఫైళ్లే. పాతవిగా కనిపిస్తాయి కానీ, క్రాష్ అయితే డేటాబేస్ మళ్లీ లేవడానికి కావాల్సినవి అందులోనే ఉంటాయి. చేత్తో తీసేస్తే ఆ తర్వాత మిగిలేది బ్యాకప్ ఒక్కటే. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ చూడమన్నాను. లాగ్‌ని చదువుకునే ఒక్కో రెప్లికా (నకలు) ఎక్కడిదాకా చదివిందో గుర్తుపెట్టుకునే స్లాట్ల జాబితా అది. అయిదు వరుసలు వచ్చాయి. నాలుగు స్లాట్లు యాక్టివ్. అయిదోది యాక్టివ్‌గా లేదు, దాని పేరులో "టెస్ట్" అని ఉంది. ఆ వారం మొదట్లో ఒక డెవలపర్ ఏదో ప్రయోగం కోసం స్లాట్ తయారుచేసి, ప్రయోగం అయ్యాక తీయడం మరిచిపోయారు. చదివేవాళ్లు ఎప్పుడైనా వస్తారేమోనని డేటాబేస్ ఆ రోజు నుంచి ప్రతి లాగ్ ఫైలునీ దాచిపెడుతోంది.

ఆ టీమ్ లీడ్‌ని నిద్రలేపి, ఆ స్లాట్ ఎవరికీ అక్కర్లేదని నిర్ధారించుకున్నాం. స్లాట్ తీసేసి, మెమరీలోని మార్పుల్ని డిస్క్‌కి రాయించే చెక్‌పాయింట్ కమాండ్ ఇచ్చాం. డిస్క్ 93 నుంచి 41కి దిగడం ఇద్దరం ఫోన్‌లో మాట్లాడకుండా చూశాం. తర్వాత ఆ కుర్రాడిచేతే పేజీ రాయించాను.

దీనికి మందు ఉంది. మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అనే సెట్టింగ్ 13వ వెర్షన్ నుంచి ఉంది. మొదట దాని విలువ -1, అంటే హద్దు లేదు. ఒక హద్దు పెట్టండి. హద్దు దాటితే వెనకబడిన స్లాట్ చెల్లకుండా పోతుంది, ఆ రెప్లికాని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. ప్రైమరీ పడిపోవడం కంటే అది మేలు. 18వ వెర్షన్‌లో, ఖాళీగా పడున్న స్లాట్లను ఇంత టైము తర్వాత చెల్లకుండా చేయమని చెప్పే సెట్టింగ్ కూడా వచ్చింది.

లాకుల వరస ఇలా ఉంటుంది. ఒక టేబుల్ మీద ఎవరో రిపోర్ట్ కోసం పెద్ద సెలెక్ట్ (డేటా చదివే క్వెరీ) నడుపుతున్నారు, అది ఇరవై నిమిషాలు పడుతుంది. మీరు అదే టేబుల్‌కి ఒక కాలమ్ చేర్చే ఆల్టర్ (టేబుల్ ఆకారం మార్చే కమాండ్) ఇచ్చారు. నిజానికి అది రెప్పపాటు పని. కానీ ఆ సెలెక్ట్ అయ్యేదాకా ఆగాలి. ఆల్టర్ వరసలో నిలబడగానే, దాని వెనక వచ్చిన ప్రతి చిన్న సెలెక్టూ ఆగిపోతుంది. రెండు నిమిషాల్లో కనెక్షన్లన్నీ నిండిపోతాయి, కస్టమర్లకి స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. అందుకని ప్రొడక్షన్‌లో ఏ ఆల్టర్‌కైనా ముందు లాక్_టైమవుట్‌ని అయిదు సెకన్లు పెట్టండి. లాక్ దొరక్కపోతే ఆల్టరే వెనక్కి తగ్గుతుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. ఇండెక్స్ కట్టేటప్పుడు కాన్‌కరెంట్లీ (రాతలు ఆపకుండా కట్టమని చెప్పే) మాట మరవద్దు.

ఇక వ్యాక్యూమ్. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ చేస్తే పాత వరుస అక్కడే చచ్చిపడి ఉంటుంది, ఊడ్చేది ఆటోవ్యాక్యూమ్. డిఫాల్ట్ లెక్క ప్రకారం టేబుల్‌లో సుమారు 20 శాతం వరుసలు చచ్చాకే అది లేస్తుంది. పదివేల వరుసల టేబుల్‌కి ఇది బాగానే ఉంటుంది. పది కోట్ల వరుసలుంటే రెండు కోట్ల చచ్చిన వరుసలు పోగయ్యేదాకా ఊడవదు! అలాంటి పెద్ద టేబుల్స్‌కి విడిగా ఆ నిష్పత్తిని 0.01కి దించండి. చాలామంది వ్యాక్యూమ్ వల్ల డేటాబేస్ స్లో అవుతోందని దాన్ని ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లావాదేవీలకిచ్చే నంబరు 32 బిట్లది, వెనక్కి చూడగలిగేది సుమారు 210 కోట్ల లావాదేవీల దాకానే. వ్యాక్యూమ్ ఎప్పటికప్పుడు పాతవాటిని ఫ్రీజ్ చేయకపోతే (ఇక వాటి నంబరు చూడనక్కర్లేదని గుర్తు పెట్టకపోతే), ఆ హద్దు దగ్గరపడగానే డేటాబేస్ కొత్త రాతలు ఒప్పుకోవడం మానేస్తుంది. ప్రతి డేటాబేస్‌లో ఇంకా ఫ్రీజ్ కాని అతి పాత లావాదేవీ తర్వాత ఎన్ని లావాదేవీలు గడిచాయో వారానికోసారి చూసే క్వెరీ ఒకటి పెట్టుకోండి. 20 కోట్లు దాటి పెరుగుతూనే ఉంటే వెంటనే కారణం వెతకండి. చాలాసార్లు అది రోజుల తరబడి తెరిచి వదిలేసిన లావాదేవీయే. పీజీ_స్టాట్_యాక్టివిటీలో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని కనిపిస్తుంది.

4. డెవలపర్లతో మాట్లాడే పద్ధతి

"డీబీ స్లోగా ఉంది" అని టికెట్ వస్తుంది. అంతే, ఇంకో ముక్క ఉండదు. కోపం తెచ్చుకోకుండా నాలుగు అడగండి: ఏ స్క్రీన్, ఎప్పటి నుంచి, అందరికా కొందరికా, నిన్న ఏదైనా కొత్త కోడ్ వెళ్లిందా. ఈలోగా, ఏ క్వెరీ ఎన్నిసార్లు, ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌లో మొత్తం టైము ఎక్కువ తిన్న పది క్వెరీలు తీసి చూడండి. అసలు దొంగ తరచుగా ఒక్కోసారి రెండు మిల్లీసెకన్లే తీసుకుని, నిమిషానికి యాభైవేలసార్లు నడిచే క్వెరీ. స్లో క్వెరీ లాగ్‌లో అది ఎప్పటికీ కనిపించదు.

క్వెరీ దొరికాక, డేటాబేస్ దాన్ని ఏ దారిలో నడిపిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఫలితాన్ని డెవలపర్‌కి పంపేసి ఊరుకోవద్దు. పక్కన కూర్చోపెట్టుకుని చదివించండి. "ఇక్కడ వంద వరుసలొస్తాయని డేటాబేస్ అనుకుంది తల్లీ, నిజంగా వచ్చినవి తొమ్మిది లక్షలు. తప్పు అంచనాతో తప్పు దారి పట్టింది" అని ఒక్కసారి చూపిస్తే, తర్వాతిసారి ఆ అమ్మాయే చూసుకుని వస్తుంది. ఎన్నో ఏళ్లు మా వృత్తికి "ప్రతిదానికీ కాదనేవాళ్లు" అన్న పేరుంది. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ మార్పుకి నేనూ కాదంటాను. అయితే కారణం చెప్పి, సోమవారం పొద్దున ఏ టైముకి చేద్దామో కూడా అప్పుడే చెబుతాను.

5. షిఫ్టులు, పండగలు, నిద్ర

అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి 11 గంటలకి మెయింటెనెన్స్ అంటే మనకి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. వాళ్లకి చలికాలమైతే తొమ్మిదిన్నర. అంటే వాళ్ల వారాంతం మన వారాంతాన్ని తినేస్తుంది. సంక్రాంతికి వాళ్లకి సెలవు ఉండదు. ఇది మొదటి నెలలోనే ఇంట్లోవాళ్లకి చెప్పేయండి, భోగి మంట దగ్గర లాప్‌టాప్ తెరవాల్సి వచ్చినప్పుడు గొడవ పడటం కంటే నయం.

ఏడాది మొదట్లోనే పండగల రోటా వేసుకోండి. మా టీమ్‌లో రంజాన్‌కి, క్రిస్మస్‌కి, సంక్రాంతికి ఎవరు ఎవరికి బదులుగా ఉంటారో జనవరిలోనే రాసేస్తాం. ఇన్నేళ్లలో ఈ కాగితం మా మధ్య పెంచినంత స్నేహం ఏ టీమ్ లంచూ పెంచలేదు.

హ్యాండోవర్ నోట్ అయిదు లైన్లు ఉంటే చాలు: ఇప్పుడు ఏది నడుస్తోంది, ఏది సగంలో ఉంది, దేన్ని కదిలించొద్దు, ఎవరికి మాటిచ్చాం, తర్వాతిది ఎన్నింటికి చూడాలి. నిద్రమత్తులో ఉన్నప్పుడు వెనక్కి తీసుకోలేని కమాండ్ ఒంటరిగా ఇవ్వకండి. ఇంకొకరిని లైన్‌లోకి తెచ్చుకుని, కమాండ్ పైకి చదివి, ఏ సర్వర్‌లో ఉన్నారో హోస్ట్ పేరు చదివి, అప్పుడు ఎంటర్ కొట్టండి. రాత్రంతా మేలుకుంటే మర్నాడు పొద్దున మీటింగ్‌కి రానని చెప్పే ధైర్యం తెచ్చుకోండి. మేనేజరైతే, రానక్కర్లేదని మీరే ముందు చెప్పండి.

6. పేజీని రన్‌బుక్‌గా మార్చండి

నా పేజీలో అయిదు గళ్లు ఉంటాయి. ఏం కనిపించింది. ముందు ఏమనుకున్నాను. అసలు ఏమిటి. ఏం చేశాం. మళ్లీ రాకుండా ఏం మార్చాం. వీటిలో రెండో గడి అందరూ వదిలేస్తారు, అన్నిటికంటే విలువైనది అదే. "నెట్‌వర్క్ అనుకుని నలభై నిమిషాలు పోగొట్టుకున్నాం" అని రాసి ఉంటే, తర్వాత చదివినవాళ్లకి ఆ నలభై నిమిషాలు మిగులుతాయి.

వారానికో గంట పెట్టుకుని, ఆ పేజీల్లో రెండోసారి వచ్చినదాన్ని రన్‌బుక్‌గా టైప్ చేయండి. నిద్రలేచిన మనిషి చదివేలా రాయాలి. చిన్న వాక్యాలు, కాపీ చేసుకోగల కమాండ్లు, ప్రతి కమాండ్ కింద "ఇలా రావాలి, ఇలా రాకపోతే ఆగి ఫలానా వాళ్లకి ఫోన్ చేయండి" అని ఉండాలి. మనుషుల పేర్లు ఎత్తి తప్పులెంచే రాత అక్కర్లేదు. ఆ స్లాట్ తయారుచేసిన డెవలపర్ పేరు మా రన్‌బుక్‌లో లేదు. స్లాట్‌కి హద్దు ఎందుకు లేకపోయింది అన్న ప్రశ్న ఉంది.

7. ఆఫీసు గోడ దాటించండి

పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నడిపిన ప్రాజెక్టుగా మొదలైంది. 1996లో ఇప్పుడున్న పేరు వచ్చింది. దీనికి యజమాని అంటూ ఒక కంపెనీ లేదు. మనం జీతం తెచ్చుకుంటున్న ఈ సాఫ్ట్‌వేర్ ముప్పై ఏళ్లుగా ఎవరో తమకొచ్చిన కష్టాన్ని రాసి పంపడం వల్ల, ఇంకొకరు కూర్చుని బాగుచేయడం వల్ల నిలబడింది. ఆ వరసలో మనమూ ఒక చెయ్యి వేయడం నాకు బాధ్యతగా అనిపిస్తుంది. కోడ్ రాయడం రాకపోయినా ఫర్వాలేదు.

ముందు ఒక జాగ్రత్త. బయటికి పంపేదాంట్లో కంపెనీ పేరు, సర్వర్ పేర్లు, ఐపీ అడ్రసులు, అసలు టేబుల్ పేర్లు, ఒక్క కస్టమర్ వరుస కూడా ఉండకూడదు. సమస్యని ఖాళీ డేటాబేస్‌లో, కల్పించిన డేటాతో మళ్లీ పుట్టించండి. ఇలా చేస్తుంటేనే సగం సార్లు కారణం మీకే తెలిసిపోతుంది. మేనేజర్‌కి చెప్పి, అనుమతి మెయిల్‌లో తీసుకోండి.

మొదటి మెట్టు డాక్యుమెంటేషన్. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో ప్రతి పేజీ కింద సవరణ పంపడానికి లింకు ఉంటుంది. ఒక వాక్యం మీకు రెండుసార్లు చదివినా అర్థం కాలేదంటే, అది రాసి పంపండి.

రెండో మెట్టు బగ్ రిపోర్ట్. ఖచ్చితమైన వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, మొదటి నుంచి నడపగల కమాండ్లు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు, ఇంతకంటే తక్కువైతే ఎవరూ ఏమీ చేయలేరు.

మూడోది బీటా. కొత్త వెర్షన్ బీటా మామూలుగా మే నెలలో వస్తుంది. మీ రీస్టోర్ డ్రిల్లులో వాడే ఖాళీ మెషీన్ మీదే బీటా ఎక్కించి, మీ అప్లికేషన్ క్వెరీలు నడిపి చూడండి. ఇది మీ కంపెనీకీ లాభమే కాబట్టి అనుమతి తేలిగ్గా దొరుకుతుంది.

నాలుగోది ప్యాచ్‌లు పరీక్షించడం. కమిట్‌ఫెస్ట్ అని ఏడాదికి అయిదుసార్లు, జులై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చి నెలల్లో జరుగుతుంది. ఇతరులు పంపిన మార్పుల్ని అప్పుడు పరిశీలిస్తారు. ఒక చిన్న ప్యాచ్ తీసుకుని, కంపైల్ చేసి, చెప్పినట్టు పనిచేస్తోందా, డాక్యుమెంటేషన్ సరిపోయిందా అని ఒక డీబీఏ కళ్లతో చూసి రాస్తే, రాసినవాళ్లు ఎంతో గౌరవంగా జవాబిస్తారు. ప్రతి పెద్ద వెర్షన్ రిలీజ్ నోట్స్ చివర్లో సాయపడినవాళ్ల పేర్లన్నీ వేస్తారు. కోడ్ రాసినవాళ్లతో పాటు పరీక్షించినవాళ్లు, సమస్యలు చెప్పినవాళ్లు కూడా అందులో ఉంటారు.

మనుషుల్ని కలవాలంటే బెంగళూరులో ఏటా జరిగే పీజీకాన్ఫ్ ఇండియా ఉంది. ఒరాకిల్‌వాళ్లకి ఆల్ ఇండియా ఒరాకిల్ యూజర్స్ గ్రూప్, వాళ్ల సంగం సదస్సు ఉన్నాయి. అది హైదరాబాద్‌లోనూ జరిగింది. ఏదీ కుదరకపోతే మీ ఆఫీసు దగ్గర్లో పదిమందితో మీరే మీటప్ పెట్టండి. ఒక మాట: శనివారం పొద్దున పెట్టండి. సాయంత్రం ఏడింటికి మాదాపూర్‌లో పెడితే ఉప్పల్ నుంచి, ఎల్బీనగర్ నుంచి రావాల్సిన ఆడపిల్లలు, చిన్నపిల్లలున్న తల్లులు రాలేరు. పొద్దున పదింటికి మార్చాక మా దగ్గర వచ్చేవాళ్ల ముఖాలే మారిపోయాయి.

మొదటి టాక్‌కి గొప్ప విషయం వెతక్కండి. నోటుబుక్కులో ఒక పేజీ తీసి, ఇరవై నిమిషాలు, ఆ రాత్రి జరిగింది జరిగినట్టు చెప్పండి. తెలుగులో చెప్పండి. డిస్క్, స్లాట్, లాక్ మాటలు ఎలాగూ అవే. మధ్యలో "ఎందుకు" అన్నది మన మాటల్లో చెబితే, వెనక వరసలో భయపడి కూర్చున్న కుర్రాళ్లు కూడా చెయ్యెత్తి అడుగుతారు.

8. తెలుగు డేటా చూడగలిగేది మనమే

ఇది నాకు బాగా దగ్గరైన విషయం. తెలుగు అక్షరం ఒక్కో యూనికోడ్ సంకేతానికీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడుతుంది. "వెంకటేశ్వర్లు" అన్న పేరు తీసుకోండి. వత్తులు, గుణింతాలు, సున్నా కలిపి 13 సంకేతాలు, అంటే 39 బైట్లు. ఒరాకిల్‌లో వార్‌క్యార్2(30) అని రాస్తే డిఫాల్ట్‌గా 30 బైట్లనే అర్థం. పేరు పట్టదు, ఓరా-12899 ఎర్రర్ వస్తుంది. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించిన అప్లికేషన్‌లో ఇది ఎవరికీ కనిపించదు, మన ఊళ్లో మొదటి అప్లికేషన్ నింపగానే బయటపడుతుంది. అక్కడ 30 తర్వాత క్యార్ అని చేర్చాలి. పోస్ట్‌గ్రెస్‌లో అది అక్షర సంకేతాల లెక్కే.

ఇంకోటి. "ప్రసాద్" అని ఒకరు టైప్ చేస్తారు. ఇంకొకరి కీబోర్డు చివర కంటికి కనిపించని ఒక సంకేతం, పొల్లుని విడిగా ఉంచేది, చేరుస్తుంది. తెర మీద రెండూ ఒకటే. డేటాబేస్‌కి ఇద్దరు మనుషులు. యూనిక్ ఇండెక్స్ పెట్టినా రెండూ లోపలికి వెళ్తాయి. "ై" గుణింతాన్ని కూడా ఒకే సంకేతంగానూ రాయొచ్చు, "ె" తర్వాత ఇంకో గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. ఈ రెండోదానికి పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్ సరిపోతుంది. మొదటిదానికి సరిపోదు, కనిపించని ఆ సంకేతాన్ని మాట చివర విడిగా తీసేయాలి. డేటా లోపలికి వచ్చే చోటే ఈ రెండూ చేయండి.

వరస క్రమం సంగతి కూడా చూడండి. ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ ద్వారా తెలుగు కొలేషన్ (అక్షర క్రమ నియమాలు) పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ లైబ్రరీ మీద ఆధారపడితే ఒక ప్రమాదం ఉంది. 2018లో వచ్చిన లైనక్స్ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో వరస నియమాలు మారాయి. పాత లైనక్స్ నుంచి కొత్తదానికి మారినవాళ్ల టెక్స్ట్ ఇండెక్సులు తప్పుగా మారి, ఉన్న వరుసలే "లేవు" అని జవాబొచ్చింది. ఓఎస్ అప్‌గ్రేడ్ చేస్తే టెక్స్ట్ ఇండెక్సులన్నీ మళ్లీ కట్టాలి. తెలుగు పేర్లతో చిన్న పరీక్ష డేటా తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టడం, ఇలాంటి తేడాలు కనిపిస్తే రిపోర్ట్ చేయడం మనం కాకపోతే ఎవరు చేస్తారు?

9. కాలేజీకి వెళ్లండి

ఇంజినీరింగ్ కాలేజీల్లో డీబీఎంఎస్ పేపర్ ఉంటుంది. నార్మల్ ఫారాలు కంఠతా వస్తాయి. రీస్టోర్ చేసి చూసిన విద్యార్థులు అరుదు. మీరు చదివిన కాలేజీలో మేడమ్‌నో సార్‌నో అడిగి, ఏడాదికో శనివారం ల్యాబ్ తీసుకోండి. స్లైడ్లు వద్దు. ఒక్కో సిస్టమ్‌లో పోస్ట్‌గ్రెస్, లక్ష వరుసల కల్పిత మార్కుల టేబుల్, ఇద్దరికో సిస్టమ్. అసలు విద్యార్థుల వివరాలు వాడకండి. ఫోన్ నంబర్ల జాబితాని ప్రాక్టీసు డేటాగా తిప్పే అలవాటు అక్కడే ఆగిపోవాలి.

మొదటి గంటలో బ్యాకప్ తీయించండి. రెండో గంటలో వాళ్ల చేతే ఆ టేబుల్‌ని డ్రాప్ చేయించండి. కిందటిసారి నేను వెళ్లినప్పుడు మూడో వరసలో ఒక అమ్మాయి ఎంటర్ కొట్టకుండా ఆగిపోయింది.

"సార్, నిజంగా పోతుందా?"

"పోతుందమ్మా. కొట్టు."

కొట్టింది. కౌంట్ అడిగితే టేబుల్ లేదని వచ్చింది. పక్కనున్న అబ్బాయి స్టెప్పుల కాగితం చదువుతుంటే ఆమె ఒక్కో కమాండే టైప్ చేసింది. మధ్యలో పాత్ తప్పు పడి ఒకసారి ఎర్రరొచ్చింది, ఇద్దరూ దాన్ని గట్టిగా చదువుకుని సరిచేసుకున్నారు. మళ్లీ కౌంట్ కొడితే లక్ష వచ్చింది. నేను చెప్పకుండానే ఆ అమ్మాయి నోట్సు తెరిచి, పేజీ పైన తేదీ వేసి, పాత్ ఎక్కడ తప్పిందో రాసుకుంది.